మూడో గేరు పడని రోజులు

బండికి గేరు పడడం లేదని నేను మొదటిసారి గమనించింది పర్చూరు దాటాక, రోడ్డుకు రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసి ఉన్న చోట. రెండో గేరులో పోతున్నాను. క్లచ్ పట్టి, పాదంతో రాడ్డు పైకి ఎత్తాను. మూడో గేరు పడలేదు. ఇంజను ఒక్కసారిగా గీపెట్టింది కానీ బండి ముందుకు లాగడం మానేసింది. వెనక వస్తున్న ట్రాక్టరు వాడు హారన్ కొట్టి, ఏదో తిట్టి పక్కనుంచి పోయాడు. రెండోసారి ఎత్తితే పడింది. ఘాటుకు కళ్లు మండి సరిగా ఎత్తలేదేమోలే అనుకున్నాను.

మాది చీరాల. నేత కుటుంబం. మా నాన్నతోనే మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నేను నేసేవాళ్ల దగ్గర చీరలు తీసుకుని ఊళ్లు తిరిగి ఇళ్లలో అమ్ముతాను. పర్చూరు, గుంటూరు, నల్లపాడు, తాడేపల్లి దాకా నాకు వాడిక ఇళ్లున్నాయి. ఇరవై ఏళ్లపాటు చిన్న బండి మీద, వెనక మూట కట్టుకుని తిరిగాను. నడుం పడిపోతోందని నాలుగేళ్ల కిందట తాడేపల్లిలో ఒక కుర్రాడి దగ్గర పాత టూరింగ్ బండి కొన్నాను. దాని మీద వాడు లడాఖ్ వెళ్లొచ్చాడట. ట్యాంకు మీద కొండల బొమ్మ స్టిక్కరు ఇంకా ఉంది. వెనక రెండు వైపులా రేకు పెట్టెలు, తాళాలతో సహా. వాన పడ్డా చీర తడవదు. మా వీధిలో అందరూ నవ్వారు. "చీరలమ్ముకునేవాడికి కొండలెక్కే బండెందుకురా?" అన్నాడు నా చిన్ననాటి స్నేహితుడు. నేనూ నవ్వాను. కానీ ఆ బండి ఎక్కి హైవే మీదికి వచ్చినప్పుడు నాకు కలిగే సంతోషం నేనెవరికీ చెప్పలేదు. మాకు పిల్లల్లేరు. ఆ వయసులో మా ఇంట్లోకి కొత్తగా వచ్చింది ఆ బండి ఒక్కటే.

మామూలు బండ్లకు ఉన్నట్టు దానికి వెనక మడమతో తొక్కే రాడ్డు లేదు. ముందు ఒక్కటే. గేరు తగ్గించాలంటే వేళ్లతో కిందికి నొక్కాలి. గేరు పెంచాలంటే పాదాన్ని రాడ్డు కిందికి దూర్చి పైకి ఎత్తాలి. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా ఆ ఎత్తడంలోనే ఉంది.

వారం తిరిగేసరికి రోజుకు నాలుగైదుసార్లు గేరు తప్పడం మొదలైంది. చీరాలలో నేనెప్పుడూ చూపించే మెకానిక్ క్లచ్ కేబుల్ లూజుగా ఉందని బిగించాడు. రెండు రోజులు బాగున్నట్టనిపించింది. తర్వాత మళ్లీ మామూలే. కేబులే మార్చాడు. చైను బిగించాడు. "పెద్ద బండి గదన్నా, దీని సంగతి మాకు అంత తెలవదు. గుంటూరు తీసుకుపో," అన్నాడు చివరికి, చేతులు తుడుచుకుంటూ.

గుంటూరు షోరూములో బండి రెండు రోజులు ఉంచుకున్నారు. ఇంజనాయిల్ మార్చారు. నెల తర్వాత మళ్లీ వెళితే క్లచ్ ప్లేట్లు అరిగాయన్నారు. అవీ మార్చారు. ఆ తర్వాత నెల గేరు రాడ్డు వెనక ఉండే స్ప్రింగు మార్చారు. ప్రతిసారీ అక్కడి కుర్రాడు ఒక రౌండు తోలి వచ్చి, "సార్, పర్ఫెక్ట్‌గా ఉంది," అనేవాడు. నేను ఎక్కి గేటు దాటేలోపే మూడో గేరు తప్పేది. వాడికి నా మీద విసుగు. నాకు బండి మీద విసుగు. నేనే సరిగా తోలలేకపోతున్నానేమోనన్న అనుమానం ఒకటి రెండుసార్లు వచ్చింది కానీ, ఇరవై ఏళ్లకు పైగా బండ్ల మీద బతుకుతున్నవాడికి ఆ అనుమానం ఎంతసేపు నిలుస్తుంది?

అలా మిరప కోతలు అయిపోయాయి, ఎండాకాలం పోయింది, పత్తి విత్తనాలు పడ్డాయి, చేలు మోకాలెత్తుకు పెరిగాయి. అప్పుడు నల్లపాడులో నా దగ్గర చీరలు తీసుకునే ఒకావిడ, వాళ్ల వీధి చివర ఒక పాతకాలపు మేస్త్రి ఉన్నాడని చెప్పింది. రైల్వే స్టేషనుకు వెళ్లే దారిలో రేకుల షెడ్డు. అరవై దాటిన మనిషి. ఒక్కడే పనిచేసుకుంటున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. అప్పటిదాకా ఏమేం మార్చారో అడిగి, అన్నీ విన్నాక ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"గేరు ఎక్కేటప్పుడు తప్పుతోందా, దిగేటప్పుడా?"

"ఎక్కేటప్పుడే మేస్త్రీ. దిగేటప్పుడు ఏమీ లేదు."

"ఒక్కసారి కూడా?"

ఆలోచించాను. "ఒక్కసారి కూడా లేదు."

"గేరుబాక్సులో తేడా ఉంటే రెండు వైపులా ఎక్కడో ఒకచోట తెలియాలే," అని బండి తీసుకుని వెళ్లాడు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చాడు. "బానే ఉందయ్యా. వెన్నలా పడుతున్నాయి గేర్లు," అన్నాడు. నాకు కోపం వచ్చింది. షోరూము కుర్రాడి మాటే ఈయనా అంటున్నాడు. అది ఆయన గమనించాడేమో, "తొందరపడమాక. ఇట్టా రా," అని బండిని డబుల్ స్టాండు మీదికి లాగి, వెనక చక్రం గాలిలో తిరిగేలా పెట్టి, ఇంజను స్టార్టు చేశాడు. "ఎక్కి కూర్చో. గేర్లు మార్చు. రోడ్డు మీద ఎట్టా మారుస్తావో అట్టానే."

ఆయన నా ఎడమ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను ఒకటి వేశాను, రెండు వేశాను, మూడు తప్పింది. మళ్లీ మొదటినుంచి. అలా ఏడెనిమిదిసార్లు. ఆయన బండి వైపు చూడడం లేదని నాకు కాసేపటికి అర్థమైంది. నా కాలు చూస్తున్నాడు.

"కాలెత్తమాక. పాదం ఎత్తు," అన్నాడు.

"పాదమే ఎత్తుతున్నాగా."

"లేదు. మోకాలి కాడ్నించి మొత్తం కాలు లేపుతున్నావు. తొడ లేపితే పాదం ఊరికే వేలాడుతోంది. మడమ ఫుట్‌రెస్టు మీద ఆనించి పెట్టి, వేళ్లు మాత్రం పైకి లేపు."

మడమ ఆనించాను. వేళ్లు పైకి లేపాను. లేపాననే అనుకున్నాను. కిందికి చూస్తే పాదం అలాగే ఉంది. రెండోసారి పళ్లు బిగబట్టి లేపాను. బొటనవేలు కొంచెం వణికింది, అంతే.

ఇంజను ఆపేశాడు. దిగి మడమల మీద నడవమన్నాడు. కుడి పాదం నిలబడింది. ఎడమ పాదం టప్పుమని నేలకు కొట్టుకుంది. అప్పుడు నా చెప్పులు విప్పమన్నాడు. ఎడమ చెప్పు ముందు అంచు అరిగి, తోలు ఊడిపోయి ఉంది. కుడిది కొత్తదానిలా ఉంది. ఎడమ కాలి బొటనవేలి పక్కన పుండు, రక్తం గడ్డకట్టి చెప్పుకు అంటుకుని ఉంది. రాడ్డు కింద దూర్చి దూర్చి చర్మం లేచిపోయింది.

"ఇది ఎప్పుడైంది?"

"తెలియదు."

"నొప్పి తెలియలేదా?"

ఆయన లేచి, కుండలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి నా పాదం మీద పోశాడు. "బండికేం లేదయ్యా. నడుంలో నరం ఏదో నలిగుంటుంది. మా బామ్మర్దికి ఇట్టానే అయింది. డాక్టరు దగ్గరకి పో. రేపూ ఎల్లుండీ అనమాక," అన్నాడు. బండిని ఆయన షెడ్డులోనే వదిలి బస్సెక్కి ఇంటికి వచ్చాను.

గుంటూరులో నరాల డాక్టరు కూడా మొదట నడుమే చూశాడు. తర్వాత మోకాలి పక్కన, వెనక వైపు ఉన్న ఎముక దగ్గర వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు. ఆ వేలి కింద ఏదో తాడులాంటిది కదలడం నాకూ తెలిసింది. మోచేతి దగ్గరా అలాగే చూశాడు. ప్యాంటు పైకి మడవమన్నాడు. పిక్క మీద బయటివైపు పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. ఎండకు వచ్చిందనుకుని నేను పట్టించుకోని మచ్చ. దూది చిన్నగా పురి పెట్టి, "కళ్లు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి," అన్నాడు.

కళ్లు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపు అయింది. "మొదలుపెట్టండి డాక్టరుగారూ," అన్నాను.

"ఆరుసార్లు తాకించానండీ," అన్నాడు ఆయన.

పరీక్షకు చర్మం ముక్క తీశారు. నాలుగు రోజుల తర్వాత వెళితే తలుపు వేసి కూర్చోబెట్టి చెప్పాడు. కుష్ఠు. ఆ మాట నేను చిన్నప్పుడు చీరాల స్టేషను మెట్ల మీద గుడ్డలు చుట్టుకుని కూర్చునేవాళ్ల గురించి విన్నాను. పెద్దరోగం అనేవాళ్లు. మా అమ్మ వాళ్ల డబ్బాల్లో చిల్లర వేసేటప్పుడు చెయ్యి పైనే ఆపి జారవిడిచేది. నా పక్కన కుర్చీలో మా ఆవిడ ఉంది. నేను ఆవిడ వైపు చూడలేదు.

"నయమవుతుందండీ. పన్నెండు నెలలు మందు వాడాలి. మొదటి మోతాదు పడితే చాలు, మీ నుంచి ఇంకొకరికి అంటుకోదు. భయపడాల్సిందేమీ లేదు," అన్నాడు డాక్టరు.

"మరి పాదం?"

"నరం దెబ్బతిన్న ఆరు నెలల్లోపు వస్తే చాలావరకు తిరిగి వస్తుంది. మీకిది ఎప్పుడు మొదలైంది?"

మిరపకాయలు ఆరబోసినప్పుడని చెప్పాను. కిటికీ అవతల వాన పడుతోంది. కేబుల్ మార్చిన నెల, ఆయిల్ మార్చిన నెల, క్లచ్ ప్లేట్ల నెల, స్ప్రింగు నెల. బండికి ఏ జబ్బూ లేకపోయినా ఒక్కొక్క భాగమూ విప్పి చూశాం. ఆ నెలలన్నీ నా కాలిలో నరం చచ్చిపోతూ ఉంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. బండి తీసుకెళ్లి చూపించింది నేనే.

బస్సులో మా ఆవిడ కిటికీ వైపు కూర్చుంది. దారి పొడుగునా బయటికే చూస్తూ ఉంది. చీరాలలో దిగేముందు మాత్రం, "మా వాళ్లకి చెప్పమాకండి," అంది. నేను తలూపాను.

దాచడం తేలిక కాలేదు. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి మా ఆవిడకు ముందుజాగ్రత్తగా ఒక మోతాదు మాత్రలు మింగించి వెళ్లింది. పక్కింటివాళ్లు ఎందుకని అడిగితే రక్తం తక్కువకి అని చెప్పాం. నెలలో మొదటి మోతాదు ఆ కార్యకర్త ఎదుటే నేను వేసుకోవాలి. ఆ రోజు మూత్రం ఎర్రగా పోయేది. ఆ మందుకు ఒళ్లు నల్లబడింది. నరం కోసం ఇచ్చిన ఇంకో మందుకు మొహం ఉబ్బింది. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ఎవరో నా చొక్కా వేసుకున్నట్టుండేది. మా ఆవిడ నా గ్లాసు విడిగా పెట్టలేదు, కంచం విడిగా పెట్టలేదు. కానీ పక్క మీద ఆవిడ కొంచెం అవతలికి జరిగి పడుకోవడం నాకు తెలుస్తూనే ఉండేది. అడగలేదు. అడిగితే ఆవిడ అబద్ధం చెప్పాల్సి వచ్చేది.

బండి తెచ్చుకోవడానికి నల్లపాడు వెళితే మేస్త్రి దాన్ని కడిగి ఉంచాడు. "ఏమన్నాడు డాక్టరు?" అని అడిగాడు.

"మీరన్నదే. నడుం నరం," అన్నాను.

"నే చెప్పలా!" అని సంతోషపడ్డాడు. వేరే బండి నుంచి తీసిన రాడ్డు కోసి, వెల్డింగు పెట్టి, నా బండికి వెనక మడమతో తొక్కే రాడ్డు ఒకటి తయారుచేశాడు. "ఇంక పాదం ఎత్తే పనిలేదు. దిగాలంటే ముందు తొక్కు, ఎక్కాలంటే వెనక తొక్కు," అన్నాడు. తొక్కి చూశాను. మూడో గేరు పడింది. నాలుగూ, ఐదూ పడ్డాయి. నడుముకు కట్టుకునే బెల్టు ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎలా బిగించాలో ఆయన చాలాసేపు చెప్పాడు. నేను శ్రద్ధగా విన్నట్టు తలాడించాను. నిజం చెప్పి ఉంటే ఆయన ఏం చేసేవాడో నాకు తెలియదు. నా పాదం కడిగిన చేతులను ఆయన ఎన్నిసార్లు రుద్దుకునేవాడో ఊహించుకుని నోరు మూసుకున్నాను.

పర్చూరులో రిటైరైన సైన్సు టీచరమ్మ ఒకావిడ ఉండేది. క్రిస్మస్‌కు చర్చికి కట్టుకోవడానికి ప్రతి ఏడూ నా దగ్గరే తెల్లచీరలు తీసుకునేది. తనకొకటి, చెల్లెలికొకటి. ఆ వీధిలో మిగతా ఇళ్లన్నీ నాకు పరిచయమైంది ఆవిడ వల్లే. ఆ డిసెంబరులో ఆవిడ వరండాలో చీరలు పరుస్తుంటే, మడతలోంచి మాత్రల అట్ట ఒకటి జారి ఆవిడ కాళ్ల దగ్గర పడింది. పొద్దున నేనే తొందరలో పెట్టెలో పడేసిన అట్ట. ఆవిడ తీసి, కళ్లద్దాలు సర్దుకుని, వెనక ఉన్న అక్షరాలు చదివింది.

"ఇవి ఎవరికి బాబూ?"

మేస్త్రికి చెప్పినట్టు ఆవిడకు అబద్ధం చెప్పలేకపోయాను. పాఠం చెప్పిన మనిషి, ఆవిడకు తెలుస్తుందనుకున్నాను. "నాకేనండి," అన్నాను.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. "మందు వాడితే తగ్గిపోతుంది. నేనే పిల్లలకు చెప్పాను ఈ పాఠం. బెంగపెట్టుకోమాక," అంది. రెండు చీరలు తీసుకుంది. ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది. ఆ రోజు ఇంటికి వస్తూ నేను చాలా రోజుల తర్వాత హైవే మీద ఐదో గేరులో పోయాను.

సంక్రాంతి దాటాక మళ్లీ వెళ్లాను. ఆవిడ దోమతెర తలుపు తియ్యలేదు. అవతలే నిలబడి, "ఇప్పుడేం వద్దు బాబూ," అంది. పక్కింట్లోనూ అదే మాట. ఎదురింట్లో ఆడమనిషి నేను పెట్టె తాళం తీస్తుండగానే లోపలికి పోయి తలుపేసుకుంది. ఆవిడ ఎవరికైనా చెప్పిందో, నా నల్లబడిన మొహం చూసి వాళ్లే అనుకున్నారో నాకు తెలియదు. వీధి మొత్తం తిరిగి ఒక్క చీర కూడా విప్పకుండా వచ్చాను.

గుంటూరులో, తాడేపల్లిలో ఏమీ తెలియదు కాబట్టి అక్కడ వ్యాపారం నడిచింది. కానీ మాకు పర్చూరే ముఖ్యం. రెండు నెలలు చూసి మా ఆవిడ, "నేను వెళ్తా," అంది. పెళ్లయినప్పటినుంచి ఆవిడ చీరలు మడతపెట్టింది తప్ప ఎప్పుడూ గడపదాటి అమ్మలేదు. సంచీలో పదిహేను చీరలు పెట్టుకుని బస్సెక్కింది. సాయంత్రం వచ్చేసరికి సంచీ ఖాళీ.

కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, నా ఎదురుగా కూర్చుని చెప్పింది. అదే వీధి. టీచరమ్మ ఎదురింట్లో ఆడమనిషి చీరలన్నీ బాగున్నాయని, ఏ ఊరని అడిగిందట. చీరాల అని మా ఆవిడ చెప్పిందట. అప్పుడు ఆవిడ అందట: "మునుపు మీ ఊర్నించే ఒకాయన బండి మీద వచ్చేవాడు. ఆయనకి పెద్దరోగం అంట. ఆయన ముట్టుకున్నయ్యి కాదుగా ఇయ్యి?"

"నువ్వేమన్నావు?"

"ఆయనెవరో నాకు తెలవదండి అన్నాను." మా ఆవిడ సంచీ మడత పెడుతూనే ఉంది. మడిచిన దాన్నే మళ్లీ విప్పి మడిచింది. "ఇంకేమనమంటారు?"

ఏమీ అనమనలేను. ఆ చీరలన్నీ నేసేవాళ్ల ఇళ్లనుంచి నేను తెచ్చినవే. నేను ముట్టుకున్నవే. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి పొయ్యి వెలిగించింది. ఆ రాత్రి ఆవిడ పక్క మీద నా వైపుకు జరిగి పడుకుంది. అది జాలో, చేసిన దానికి బాధో నాకు తెలియదు. అడగకూడదనుకున్నాను.

వానలు తగ్గే వేళకు మందు పూర్తయింది. డాక్టరు కార్డు మీద నయమైనట్టు రాసి సంతకం పెట్టాడు. పాదం సగమే తిరిగి వచ్చింది. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పటికీ అంచుకు తగులుతుంది. రోజూ నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, పుండ్లు ఉన్నాయేమోనని కళ్లతో వెతుక్కోవాలి, తాకి తెలుసుకునే వీలు లేదు కాబట్టి. ఆ కార్డు ఎవరికి చూపించాలో తెలియక బీరువాలో పెట్టాను.

ఇప్పుడు నెలకు రెండుసార్లు మా ఆవిడను బండి మీద నేనే పర్చూరు తీసుకెళ్తాను. ఊరికి ఇవతలే, పత్తి చేల దగ్గర ఆపుతాను. ఆవిడ పెట్టెల్లోంచి చీరలు సంచీలోకి మార్చుకుని, అక్కడినుంచి ఆటో ఎక్కి వెళ్తుంది. నేను చేలో పత్తి తీసే కూలీలను చూస్తూ, గట్టు మీద కూర్చుంటాను. మొన్న ఒక ముసలాయన వచ్చి, బండి చెడిపోయిందా అని అడిగాడు. లేదు, మా ఆవిడ ఊళ్లోకి వెళ్లింది, వస్తుందని చెప్పాను. "నువ్వూ పోకూడదా, ఎండలో కూర్చునే బదులు?" అన్నాడు. నాకు పని లేదక్కడ అన్నాను. ఆయన నా పక్కనే కాసేపు కూర్చుని, పత్తికి ఈసారి పురుగు ఎక్కువగా ఉందని చెప్పి వెళ్లిపోయాడు. మా ఆవిడ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.